స్నేర్ ముందుకి, బేస్ వెనక్కి: జె డిల్లా పాటలు వింటూ

(పాటలు వినిపిస్తూ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసి పెట్టాం. పాట ఎక్కడ మోగిందో మాటల్లోనే తెలుస్తుంది.)

కూర్చోండి, కూర్చోండి. వెనక ఉన్నవాళ్ళు కాస్త ముందుకి రండి. ఇవాళ మనం వినేదంతా బేస్‌లో ఉంటుంది, మీ వెనకున్న గోడ దగ్గర అది పోగుపడి ముద్దయిపోతుంది. ఫోన్ స్పీకర్లో ఈ పాటలు విని 'ఏముంది ఇందులో' అన్నవాళ్ళు మీలో కొందరు ఉండే ఉంటారు. వాళ్ళ తప్పేం లేదు. ఫోన్ స్పీకర్లో కిక్ డ్రమ్ము, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, అడుగు వినపడదు, బేస్ అసలే వినపడదు. సగం పాట విని సగం పాట మీద తీర్పు చెప్పినట్టు అవుతుంది.

జె డిల్లా. హిప్‌హాప్ నిర్మాత, అంటే రాపర్లు పాడే పాటకి దరువు కట్టేవాడు. అసలు పేరు జేమ్స్ డెవిట్ యాన్సీ. 1974 ఫిబ్రవరి 7న పుట్టాడు. డెట్రాయిట్‌లో కోనంట్ గార్డెన్స్ పేట వాడు. 2006 ఫిబ్రవరి 10న పోయాడు. ముప్పై రెండేళ్ళు నిండి మూడు రోజులు, అంతే. మొదట్లో జె డీ అని పిలిచేవారు. జర్మేన్ డుప్రీ అనే ఇంకో నిర్మాతనీ జె.డి. అనే అంటారు కాబట్టి, 2001 ప్రాంతంలో డిల్లా అని మార్చుకున్నాడు. పాత రికార్డుల మీద జె డీ అని కనిపిస్తే ఇంకెవరో అనుకోకండి, ఇతనే.

ఇతని పాటలు మొదటిసారి విన్నవాళ్ళు, అందులోనూ మన సంగీతం నేర్చుకున్నవాళ్ళు, ఒకటే అడుగుతారు. ఏమని? 'ఈయనకి తాళం నిలవదా?' అని. అడగాల్సిన ప్రశ్నే. కిక్ తొట్రుపడుతున్నట్టుంటుంది, స్నేర్, అంటే పుల్లతో కొట్టే పదునైన డ్రమ్ము, తొందరపడుతుంది, బేస్ నిద్రలేచి వస్తున్నట్టుంటుంది. తాళం నిలవదా, లేక కావాలనే జరిపాడా? జరిపితే ఎంత జరిపాడు? ఇవాళ ఈ 'ఎంత' గురించే మాట్లాడుకుందాం. పాటలు దానికోసమే ఏరాను. నాకు ఇష్టమైనవి ఇంకా ఉన్నాయి, కానీ ఇవి చెవికి పాఠం చెప్పే పాటలు.

ముందు అతను దరువులు కట్టిన యంత్రం సంగతి. విసుగనిపిస్తే ఐదు నిమిషాలు ఓపిక పట్టండి, ఇది తెలియకపోతే తర్వాతది అందదు.

అకాయ్ కంపెనీ ఎంపీసీ 3000. 1994లో వచ్చింది. రోజర్ లిన్ రూపకల్పన. ముందు పదహారు రబ్బరు ప్యాడ్లు, నాలుగు వరసల్లో నాలుగేసి. వేలితో కొడితే ఆ ప్యాడ్‌కి కట్టిన శబ్దం మోగుతుంది. దీనికి ముందు తరం ఎంపీసీ మీద అతనికి ఓనమాలు దిద్దించింది యాంప్ ఫిడ్లర్, పార్లమెంట్ ఫంకడెలిక్ బృందంలో కీబోర్డు వాయించినాయన, ఆ పేటవాడే. ఏ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే హిప్‌హాప్ బృందంలోని క్యూ టిప్‌కి ఈ కుర్రాణ్ణి పరిచయం చేసిందీ ఆయనే. డిల్లా వాడిన 3000 ఇప్పుడు వాషింగ్టన్‌లో, ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర సంస్కృతుల జాతీయ మ్యూజియంలో ఉంది. వాళ్ళమ్మ మారీన్ యాన్సీ ఇచ్చారు.

ఈ యంత్రం ఒక బీటుని, అంటే మన లెక్కలో ఒక అక్షరకాలాన్ని, 96 ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కని టిక్ అంటారు. నిమిషానికి 90 బీట్ల పాట అనుకోండి. ఒక బీటు 667 మిల్లీసెకన్లు. దాన్ని 96తో భాగించండి. ఒక టిక్ సుమారు 7 మిల్లీసెకన్లు. ఈ 7 గుర్తుపెట్టుకోండి.

బీటుని నాలుగు చేస్తే ఒక్కో పావుకి 24 టిక్కులు. మీరు ప్యాడ్ కాస్త అటూ ఇటూ కొట్టినా యంత్రం దగ్గర్లో ఉన్న పావు మీదకి లాగి పెట్టేస్తుంది. దీన్నే క్వాంటైజ్ అంటాం, ఎంపీసీలో టైమింగ్ కరెక్ట్ అని ఉంటుంది. అన్నీ గళ్ళలో కూర్చుంటాయి. చక్కగా ఉంటుంది, చచ్చినట్టూ ఉంటుంది. అందుకని లిన్ ఇంకోటి పెట్టాడు, స్వింగ్ అని. రెండు పావుల జంట 48 టిక్కులు కదా, అందులో రెండోది ఎక్కడ పడాలో శాతంలో చెప్పొచ్చు. 50 శాతం అంటే సరిగ్గా 24వ టిక్కు మీద, మన చతురశ్రం. 66 అంటే 32వ టిక్కు మీద, మూడులో రెండు వంతులు అయ్యాక పడుతుంది. మృదంగం నేర్చుకున్నవాళ్ళు చెప్పండి, ఏమిటది? తిశ్రం. అవును, తిశ్రం. మరి 54 పెడితే? 26వ టిక్కు. చతురశ్రం కాదు, తిశ్రం కాదు, మధ్యలో ఎక్కడో. దానికి మన దగ్గర పేరు లేదు, చేతికి మాత్రం తెలుసు. పెళ్ళి ఊరేగింపులో డప్పు వాయించేవాళ్ళ చేతికి బాగా తెలుసు.

ఇక్కడిదాకా అందరూ చేసిందే. డిల్లా ఏం చేశాడంటే, ఒకే పాటలో ఒక్కో వాద్యాన్ని ఒక్కో లెక్కలో పెట్టాడు. హైహ్యాట్, అంటే టిక్ టిక్ మనే జంట తాళాలు, చతురశ్రంలో నిటారుగా నడుస్తుంటుంది. కిక్ స్వింగ్‌లో ఉంటుంది, లేదా వేలితో కొట్టింది కొట్టినట్టే వదిలేసి ఉంటుంది. స్నేర్‌ని మాత్రం, చూడండి, కాస్త ముందుకి జరిపేస్తాడు, అంటే పడాల్సిన క్షణం కంటే ముందే పడేలా. ఎంపీసీలోనే షిఫ్ట్ టైమింగ్ అని ఒక సౌకర్యం ఉంది, ఎన్ని టిక్కులు ముందుకి, ఎన్ని వెనక్కి అని అంకె ఇవ్వొచ్చు. స్నేర్ ముందుకి, బేస్ వెనక్కి. మధ్యలో కిక్ ఇష్టం వచ్చినట్టు. 'క్వాంటైజ్ ఆపేసి వాయించేవాడు' అని చాలామంది చెప్తారు. సగమే నిజం. ఆపేసింది కొన్నిటికే, మిగతావి అంకె వేసి జరిపినవి. అన్నీ ఆపేసి వాయిస్తే ఈ రుచి రాదు. ఎందుకు రాదో తర్వాత చెప్తాను.

కర్ణాటక సంగీతంలో మనకి గ్రహం అని ఉంది కదా. సమ గ్రహం, అతీత గ్రహం, అనాగత గ్రహం. పాట తాళంతో కలిసి ఎత్తుకోవడం, తాళం కంటే ముందే ఎత్తుకోవడం, తాళం మొదలయ్యాక ఎత్తుకోవడం. అనాగతంలో ఎత్తుకున్న కీర్తన వింటే మనం 'తాళం తప్పాడు' అనం కదా? చేత్తో తాళం వేస్తూనే ఉంటాం, తల ఊపుతాం. ఇక్కడ స్నేర్ అతీతం, బేస్ అనాగతం అనుకుని వినండి. అచ్చంగా అదే అని కాదు. అది పాట ఎత్తుగడ సంగతి, ఇది ప్రతి దెబ్బ సంగతి. పైగా మనది అక్షరాల్లో తేడా, ఇతనిది 14, 20 మిల్లీసెకన్ల తేడా. అయినా చెవిని సిద్ధం చేసుకోవడానికి ఆ పోలిక చాలు.

సరే, మొదటి పాట. 1995, ద ఫార్‌సైడ్ బృందం, 'రన్నిన్'. లాస్ ఏంజెలెస్ వాళ్ళు, వాళ్ళ రెండో ఆల్బమ్. శాంపిల్, అంటే పాత రికార్డు లోంచి కోసి తెచ్చుకున్న ముక్క, ఎక్కడిదంటే స్టాన్ గెట్జ్, లూయిజ్ బోన్‌ఫా కలిసి చేసిన 1963 నాటి బోసానోవా రికార్డు. ఆ పాట పేరు పోర్చుగీసులో 'సౌదాదె వెం కొరెండో'. సౌదాదె అనే మాటని అనువదించలేం అంటారు. మన 'బెంగ' ఉందిగా, దగ్గరగా సరిపోతుంది. బెంగ పరుగెత్తుకొస్తోంది అని అర్థం. దాని మీద కట్టిన పాట పేరు 'రన్నిన్'. అలా కుదిరింది.

గిటార్ వినకండి. తెలుసు, కష్టం, చాలా బాగుంటుంది, అయినా వినకండి. కిక్ ఒక్కటే వినండి. (పాట) ...ఇక్కడ. విన్నారా? మళ్ళీ పెడతాను. అదీ, ఆ దెబ్బ. ఒక చోట రెండు కిక్కులు దగ్గరగా పడతాయి, రెండోది జారినట్టు. తర్వాతి బార్‌లో, అంటే తర్వాతి నాలుగు బీట్ల చుట్టులో, అదే చోట ఇంకోలా. గళ్ళలో కూర్చోబెట్టి ఉంటే ప్రతిసారీ ఒకేలా పడేది. అదే ఆల్బమ్‌లో ఇంకో పాటలో కిక్ దీనికంటే తాగి ఉంటుంది. ద రూట్స్ డ్రమ్మరు క్వెస్ట్‌లవ్ అది విన్నాక తన వాయింపునే మార్చుకున్నానని చాలాసార్లు చెప్పాడు. గడియారంలా వాయించడం నేర్చుకున్న మనిషి, తర్వాత గాయకుడు డి ఏంజెలో ఆల్బమ్ 'వూడూ'కి వచ్చేసరికి, అది 2000, కావాలని వెనకబడి వాయించాడు. యంత్రాన్ని మనిషి అనుకరించడం అన్నమాట. యంత్రం మనిషిలా ఉండాలని లిన్ స్వింగ్ పెడితే, ఆ యంత్రంలోంచి వచ్చినదాన్ని మనిషి కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది.

'స్టేక్స్ ఈజ్ హై', డి లా సోల్, 1996. దీన్ని త్వరగా దాటేస్తాను. అహ్మద్ జమాల్ 'స్వాహిలీల్యాండ్' శాంపిల్. ఒక చిన్న ముక్క తిరుగుతూ ఉంటుంది, కింద డ్రమ్ములు గునపం దిగినట్టు దిగుతాయి. ఇందులో నేర్చుకోవాల్సింది ఏం చేయకుండా వదిలేశాడన్నది. మంచి శాంపిల్ దొరికితే పక్కన ఇంకో నాలుగు వాద్యాలు పేర్చబుద్ధవుతుంది. పేర్చలేదు. సరే, ముందుకి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. స్లమ్ విలేజ్ బృందం. డిల్లా, టి3, బాటిన్, ముగ్గురూ డెట్రాయిట్‌లో పెర్షింగ్ హైస్కూల్ స్నేహితులు. 'ఫెంటాస్టిక్' రెండో వాల్యూమ్ 2000లో వచ్చింది. అందులో 'ప్లేయర్స్' అనే పాట. పల్లవిలో వెనక ఒక గొంతుల గుంపు 'ప్లేయర్' అంటూ ఉంటుంది. వినండి. (పాట) ...ఏమంటున్నారు? 'ప్లేయర్'. ఖాయమా? అందరికీ అలాగే వినిపించిందా?

ఇప్పుడు అసలు రికార్డు పెడతాను. సింగర్స్ అన్‌లిమిటెడ్ అని, వాద్యాల్లేకుండా గొంతుల మీద గొంతులు పేర్చి పాడే బృందం. పాట పేరు 'క్లేర్'. ఒక అమ్మాయి పేరు. (పాట) ...'క్లేర్' అంటున్నారు. ప్లేయర్ అని ఎవరూ అనలేదు. ఎక్కడా అనలేదు! మరి ఇందాక మీరందరూ ఎలా విన్నారు? గుంపు గొంతుల్లో మొదటి హల్లు ఎప్పుడూ మసకగానే ఉంటుంది, అందరూ ఒకే క్షణంలో 'క' అనలేరు. మిగిలేది '-లేర్'. మీదనుంచి రాపర్లు 'ప్లేయర్' 'ప్లేయర్' అని తోస్తుంటే చెవి ఆ 'ప'ని తనే అతికించుకుంటుంది. ఒక్కసారి ఇది తెలిశాక, మళ్ళీ 'ప్లేయర్స్' పెడతాను చూడండి, మీకు రెండూ వినిపిస్తాయి, ఇటు అనుకుంటే ఇది, అటు అనుకుంటే అది. శాంపిల్ చేసేవాడికి కావల్సిన చెవి ఇదీ. పాట బాగుందా లేదా అని కాదు, ఈ అర సెకను ఇంకేమిటి కాగలదు అని వినే చెవి.

అదే ఆల్బమ్‌లో 'ఫాల్ ఇన్ లవ్'. పియానో వాద్యకారుడు గ్యాప్ మాన్జియోనీ 1968 రికార్డు లోంచి. ఇందులో బేస్ వినండి. మెత్తగా, గుండ్రంగా, పక్కింట్లో మోగుతున్నట్టుంటుంది. ఈ శబ్దం రప్పించే పద్ధతి ఒకటి చెప్తాను, ఆ కాలం నిర్మాతలందరి చేతిలో ఉన్నదే, డిల్లా చేతిలో పండింది. ఒకే శాంపిల్‌ని రెండు ప్యాడ్ల మీద పెట్టుకోండి. ఒకదానికి లో పాస్ ఫిల్టర్ వేసి పైవన్నీ కోసేయండి. గొంతు, తాళాలు, కొమ్ము వాద్యాలు అన్నీ పోయి అడుగున బేస్ మిగులుతుంది. రెండోదాంట్లో అడుగు కోసేసి పైది ఉంచండి. ఇప్పుడు ఒకే రికార్డు లోంచి మీకు ఇద్దరు వాద్యకారులు దొరికారు, ఎవర్ని ఎప్పుడు వాయించమంటే అప్పుడు వాయిస్తారు. ఎంపీసీ 3000లో ప్రతి శబ్దానికీ లో పాస్ ఫిల్టర్ ఉంది కాబట్టి బేస్ తీసే పని పెట్టెలోనే అయిపోతుంది. ఎక్కడ చెడుతుందంటే, ఫిల్టర్ మరీ కిందకి లాగితే బేస్‌లో స్వరం పోయి ఉత్త మోత మిగులుతుంది. స్వరం ఏదో కూనిరాగంగా తీయగలిగినంత వరకే లాగాలి.

ఇంకో మాట. జ్ఞాపకశక్తి. మనది కాదు, యంత్రానిది. కొన్నప్పుడు దాంట్లో ఉండేది 2 మెగాబైట్లు. స్టీరియో కాకుండా ఒక్క చానెల్‌లో ఎక్కిస్తే 22 సెకన్ల లోపే. డబ్బు పెట్టి 16 మెగాబైట్లు చేసుకుంటే మూడు నిమిషాల పైచిలుకు. డ్రమ్ములు, బేస్, శాంపిల్ అన్నీ అందులోనే ఇరకాలి. అందుకే ముక్కలు చిన్నవి. ఇవాళ మన లాప్‌టాప్‌లో పాటంతా పడేసుకోవచ్చు, పడేసుకుని ఎనిమిది బార్ల లూప్ తిప్పుతూ కూర్చుంటాం. ఇరుకు లేకపోవడం కూడా ఒక ఇబ్బందే.

కామన్ పాడిన 'ద లైట్', 2000. బాబీ కాల్డ్‌వెల్ 'ఓపెన్ యువర్ ఐస్' లోంచి తీసింది. ఇది మీలో చాలామందికి తెలుసు, అందుకే వినిపించను. తెలిసిన పాటల్లో ఇదే ఎక్కువమందికి చేరింది. కాల్డ్‌వెల్ గొంతునే పల్లవిగా నిలబెట్టాడు, వేరే గాయకుణ్ణి పిలవలేదు. నా లెక్కలో డిల్లా పాటల్లో ఇది మొదటి ఐదులో రాదు. మరీ సాఫీగా ఉంటుంది. అక్కడెవరో తల అడ్డంగా ఊపుతున్నారు, పర్లేదు, టీ తాగేటప్పుడు పోట్లాడుకుందాం.

దానికంటే అదే ఏడాది ఎరికా బాడూకి చేసిన 'డిడన్చా నో' వినండి. టారికా బ్లూ అనే జాజ్ బృందం 1977లో చేసిన 'డ్రీమ్‌ఫ్లవర్' శాంపిల్. బాడూ డెట్రాయిట్‌లో డిల్లా ఇంటికి వెళ్తే, రికార్డుల గుట్ట చూపించి ఏరుకోమన్నాడట. ఆమె చేతికి వచ్చిన రికార్డు ఇది. అంటే శాంపిల్ ఎంపిక పాడినావిడది, కోత అతనిది. (పాట) ...బేస్ ఎక్కడ పడుతోందో పాదంతో చూడండి. పాదం నేలకి తగిలాక వస్తుంది. ప్రతిసారీ తగిలాకే. ఆలస్యం కూడా క్రమం తప్పలేదు, చూశారా?

ఇక 'డోనట్స్'. 2006 ఫిబ్రవరి 7న, అతని పుట్టినరోజున, స్టోన్స్ త్రో సంస్థ విడుదల చేసింది. మూడు రోజుల తర్వాత అతను లేడు. టీటీపీ అనే అరుదైన రక్త వ్యాధి, దానికి తోడు లూపస్. ఆసుపత్రి మంచం మీద పడుకుని ఒక చిన్న శాంప్లర్‌తో ఆల్బమంతా చేశాడని కథలా చెప్తుంటారు. ఆ కథని కాస్త పక్కన పెట్టి వినమంటాను. జాలితో వింటే పనితనం వినపడదు. 31 ముక్కలు, చాలావరకు నిమిషం, నిమిషంన్నర. రాప్ లేదు. పాత రికార్డులు, వాటిని కోసిన చెయ్యి, అంతే. అక్కడక్కడ ఒక సైరన్ మోగుతుంది, మాంట్రోనిక్స్ పాట లోంచి తెచ్చింది. అది విన్నారంటే డిల్లా వచ్చాడని అర్థం.

ఇందులో 'డోన్ట్ క్రై' ఒక్కటి విప్పి చూద్దాం. రెండు నిమిషాల పాట. ఎస్కార్ట్స్ అనే సోల్ బృందం 1970లలో పాడిన పాట దీనికి మూలం. న్యూజెర్సీలో రావే జైల్లో ఖైదీలుగా ఉంటూ ఆల్బమ్ రికార్డు చేసిన బృందం అది. (పాట) ...మొదట ఏం చేస్తున్నాడు? ఏమీ చేయట్లేదు. రికార్డుని ఉన్నది ఉన్నట్టు తిప్పుతున్నాడు. 'ఇదీ అసలు పాట, బాగా చూసుకోండి' అని గారడీవాడు ఖాళీ బుట్ట చూపించినట్టు. ఆగండి, ఇప్పుడు... ఇదిగో! ఇక్కడి నుంచి కోత మొదలు.

ఇందులో కష్టం ఏమిటో చెప్తాను. పాత రికార్డులో డ్రమ్ము విడిగా ఉండదు. డ్రమ్ము దెబ్బతో పాటు వయొలిన్ల ముక్క, గొంతు ముక్క అతుక్కుని వస్తాయి. పీట మీద చేప కోసినట్టు, ముల్లు లేకుండా ముక్క రాదు. కిక్ ఉన్న ముక్క ఒకటి, స్నేర్ ఉన్న ముక్క ఒకటి, ఇలా ఓ డజను ముక్కలు చేసి వరస మార్చి కొడితే దరువు మీరు కోరుకున్నట్టు వస్తుంది, సరే, మరి వాటికి అంటుకొచ్చిన గొంతులు? అవి చిందరవందర అయిపోతాయి. గొంతులు కుదిరేలా పేరిస్తే దరువు కుంటుతుంది. రెండూ కుదిరే ముక్కలే ఏరుకోవాలి. ఇంకోసారి వినండి. దరువు కొత్తది, ఏడుపు మాత్రం పాతదే. ముక్కముక్కలైన గొంతు ఇంకా ఏడుస్తూనే ఉంది. పాట పేరేమో ఏడవద్దని.

'స్టాప్' కూడా చెప్పాలి, డియాన్ వార్విక్ గొంతు. ఆగు అనగానే సంగీతం నిజంగా ఆగిపోతుంది. మొదటిసారి విన్నవాళ్ళు ఫోన్ చూసుకుంటారు, నెట్ పోయిందేమోనని.

ఇక మీలో లాప్‌టాప్‌లో చేసేవాళ్ళ కోసం. ఇప్పుడే చేసి చూడండి. నిమిషానికి 90 పెట్టండి. హైహ్యాట్ పావులకి గట్టిగా క్వాంటైజ్ చేయండి, స్వింగ్ వద్దు. స్నేర్ రెండో బీటు, నాలుగో బీటు మీద పెట్టి రెండు టిక్కులు ముందుకి జరపండి, అంటే సుమారు 14 మిల్లీసెకన్లు. మీ సాఫ్ట్‌వేర్‌లో బీటుకి 960 టిక్కులుంటే 20 జరపాలి, 2 కాదు. అది చూసుకోకుండా 2 జరిపి 'ఏం తేడా లేదే' అనేవాళ్ళే ఎక్కువ. కిక్ వేలితో వాయించండి, సరిచేయకండి. బేస్ మూడు టిక్కులు వెనక్కి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్యాడ్ కొట్టకండి, శబ్దం ఆలస్యంగా చెవికొస్తుంది, మీ వేలు దానికి సర్దుకుని అన్నీ ముందే కొట్టేస్తుంది. తీగ ఉన్న హెడ్‌ఫోనే వాడండి.

చెడేది ఎక్కడ? రెండు చోట్ల. స్నేర్, హైహ్యాట్ మధ్య దూరం 25, 30 మిల్లీసెకన్లు దాటిందంటే ఒక దెబ్బ రెండు దెబ్బలుగా వినిపిస్తుంది, తలుపు రెండుసార్లు పడ్డట్టు. అక్కడికి లోపలే ఉండాలి. రెండోది, ఇందాక తర్వాత చెప్తానన్నది. అన్నీ జరిపేయడం. హైహ్యాట్ కూడా వదులు చేస్తే ఇంక ముందు ఏది, వెనక ఏది? తాళం వేసే చెయ్యి ఒకటి కదలకుండా ఉంటేనే అతీతమూ అనాగతమూ. చెయ్యే ఊగితే అది ఉత్త తప్పు. ఎవరైనా 'డిల్లా స్టైల్' అని చేసింది మీకు నచ్చకపోతే, ముందు హైహ్యాట్ చూడండి. నూటికి తొంభై వంతులు దోషం అక్కడే.

టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు. చివరిగా ఒకటి. 'డోనట్స్' మొదటి ముక్క పేరు అవుట్రో, అంటే ముగింపు. చివరి ముక్క పేరు 'వెల్‌కమ్ టు ద షో'. తిరగేసి పెట్టాడు. చివరిది అయిపోతూ అయిపోతూ మొదటిదాంట్లో కలుస్తుంది, గుండ్రంగా. ఇప్పుడు చివరి ముక్క పెడుతున్నాను, రిపీట్ నొక్కి ఉంచాను, ఆపను. కళ్ళు మూసుకోండి. అతుకు ఎక్కడుందో తెలిసినవాళ్ళు అక్కడ చెయ్యెత్తండి.